ఏ విలియం బకన్?

పోస్టాఫీసు బల్ల దగ్గర ఎల్స్‌పెత్ బకన్ నిలబడే ఉత్తరాలు సర్దుతోంది. యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టి, గట్టి ఎముక. ఉప్పుగాలికి బుగ్గలు రెండూ ఎర్రబడి పగుళ్ళు తేలాయి. పదిహేనేళ్ళుగా సంచి మోసి మోసి ఎడమ భుజం అంగుళం కిందికి జారింది. చేతులు ఉత్తరాల మీద ఉన్నా, బల్ల కింద కాళ్ళు ఊరుకోవు. ఒక పాదం మీద నుంచి మరో పాదం మీదికి బరువు మార్చుకుంటూనే ఉంటుంది.

బకన్ అన్నది ఆ సీమ పేరు. సముద్రపు ఒడ్డునున్న ఆ ఊళ్ళో మూడు గడపల్లో రెంటి ఇంటిపేరు కూడా అదే. జార్జి బకన్ అని పిలిస్తే ఏడు తలుపులు తెరుచుకుంటాయి. అందుకే కుటుంబానికో మారుపేరు ఉంది. పైఊళ్ళవాళ్ళకు అవి తెలియవు గనుక కవర్ల మీద ఉండవు. దస్తూరి చూసి, ముద్ర చూసి, ఒక్కోసారి కవరు వాసన చూసి ఎల్స్‌పెత్ పోల్చుకుంటుంది.

"ఇది పీతలవాళ్ళది. ఇది రాజుగారింటిది..."

లోపలి గదిలోంచి పోస్టుమాస్టరు లెడింగమ్ వచ్చాడు. పైన పొలాల ఊళ్ళ నుంచి నాలుగేళ్ళ కిందట వచ్చినవాడు. చేతిలో టెలిగ్రాం ఉంది. మడత పెట్టలేదు.

"ఎల్స్‌పెత్, కాసేపు కూచో."

"ఎందుకండీ? నుంచునే వింటాను."

"యార్మత్ ఆస్పత్రి నుంచి. విలియం బకన్ ఈ ఉదయం పోయాడట. ఇంటివాళ్ళకు చెప్పమన్నారు."

"ఏ పడవ?"

"రాయలేదు."

"వయసు?"

"అదీ లేదు. వివరం అడుగుతూ తంతి కొట్టాను. జవాబు వచ్చేదాకా ఎవరి దగ్గరా నోరు జారకు. ఊళ్ళో విలియంలు ఎంతమంది?"

అది అక్టోబరు. హెర్రింగ్ చేపల వెంట ఊరి మగవాళ్ళంతా దక్షిణాన యార్మత్ రేవుకు వెళ్ళి ఆరు వారాలయింది. సముద్రం మీదున్న మనుషుల్ని లెక్కపెట్టకూడదు, కీడు. అయినా ఆమె వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. పీతల విలియం. రాజు విలియం. పంతుల విలియం. నాలుగో వేలు దగ్గర చెయ్యి ఆగింది. దూది విలియం. ఆమె కొడుకు, ఇరవై ఆరేళ్ళు.

"నలుగురు," అంది.

వాళ్ళలో ఆమె కొడుకూ ఒకడని లెడింగమ్‌కు ఆ తర్వాత గాని వెలగలేదు. "నువ్వు ఇంటికి వెళ్ళు. ఉత్తరాలు రేపిద్దువుగాని."

"బాగుంది. నేను తిరక్కపోతే ఊరికి తెలిసిపోదూ?"

సంచి భుజాన వేసుకుని బయటపడింది.

పీతల ఇంటి ముందు హెలెన్ దుప్పట్లు ఆరేస్తోంది. నోట్లో రెండు క్లిప్పులు. చుట్టూ అయిదుగురు పిల్లలు.

"మా ఆయన రాశాడా?"

"రాశాడు." ఎల్స్‌పెత్ కవరు అందించింది. ముద్ర మీద తేదీ మూడు రోజుల కిందటిది.

హెలెన్ అక్కడే చింపి చదివింది. "చూడు, మళ్ళీ మేజోళ్ళు పంపమంటున్నాడు! వాటిని తొడుక్కుంటాడో తింటాడో!"

ఆమె నవ్వుతుంటే ఎల్స్‌పెత్ మనసులో ఒక మాట మెదిలింది. ఇతనే అయితే. మావాడు బతికున్నట్టే. ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా వినబడింది. చిన్నది ఆమె కోటు అంచు పట్టుకుని ఊగుతోంది. ఎల్స్‌పెత్ ఆ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి వేగంగా నడిచింది.

రాజుగారింట్లో విలియం భార్య మెగ్ గడపలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది.

"ఏమే, ఎవరో తరుముతున్నట్టు ఆ నడకేంటి? నీ చక్రాలకు ఇవాళ నూనె ఎక్కువైనట్టుందే!"

"గాలి తోస్తోందిలే."

"గాలి ఎదురుగా కొడుతుంటే?"

ఎల్స్‌పెత్ కవరు ఆమె పక్కన పెట్టింది. మెగ్ చేతికి పొలుసులు అంటుకుని ఉన్నాయి. ఆ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. ఇతనే అయితే. మళ్ళీ అదే మాట. ఈసారి ఆ మాటను ఆపాలని కూడా చూడలేదు.

పంతుల ఇంటికి వెళ్ళాలంటే తన ఇంటి గోడ పక్క సందులోంచి వెళ్ళాలి. ఆ సందులో ఆమె ఎప్పుడూ ఆగదు. ఇవాళ ఆగింది. పదహారేళ్ళ కిందట, యుద్ధంలో, మందుపాతరలు ఏరే పడవ మీద ఆమె భర్త పోయాడు. ఎల్స్‌పెత్ బకన్ అని రాసున్న టెలిగ్రాం తీసుకుని అప్పటి ముసలి పోస్టుమాన్ ఈ గోడ అవతల ఉండే మరో ఎల్స్‌పెత్ బకన్ ఇంటికి వెళ్ళాడు. ఆమె అరగంట సేపు గుండెలు బాదుకుంది. ఇవతల ఈ ఎల్స్‌పెత్ రొట్టె కాలుస్తూ, పాపం, అనుకుంది. అవతల ఎవరో పడవ పేరు సరిచూశారు. ఏడుపు ఆగింది. ఆగి, నవ్వయింది. పెద్దగా, వికారంగా, పట్టలేని నవ్వు. ఆ నవ్వు పూర్తికాకముందే ఈమె తలుపు తట్టారు.

ఆ అవతలి ఎల్స్‌పెత్ తర్వాత చెయ్యి పట్టుకుని క్షమించమంది. ఈమె చెయ్యి లాక్కుంది. మరుసటి ఏడు పోస్టుమాన్ ఉద్యోగం ఖాళీ పడితే వెళ్ళి అడిగింది. ఈ ఊళ్ళో తప్పు గడపకు ఇంక ఏ కాగితమూ పోకూడదు, అంతే ఆమెకు కావలసింది. ఆ పంతం తప్ప పదిహేనేళ్ళలో చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు.

పంతుల విలియం భార్య యూఫీ టీ పోసింది. ఎన్నడూ ఆగని మనిషి గ్లాసు అందుకునేసరికి ఆశ్చర్యపోయింది.

"మీవాడు రాశాడా, ఎల్స్‌పెత్?"

"వాడా! కలం పట్టుకుంటే చెయ్యి కాలుతుంది వాడికి."

"క్షేమంగానే ఉంటాడులే. మా ఆయన కనిపెట్టుకుని ఉంటాడు."

గ్లాసు సగంలో దించి లేచింది.

మిగిలిన వీధులు ఎలా తిరిగిందో తెలియదు. మూడింటికి తిరిగి వచ్చేసరికి లెడింగమ్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమెను చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"మీవాడు కాదు. ఆ నలుగురిలో ఎవరూ కాదు."

"మరి?"

"డెబ్బై ఒక్కేళ్ళు. పడవ మీద వంటవాడు. నిమోనియా."

ఎల్స్‌పెత్‌కు క్షణం ఎవరూ గుర్తు రాలేదు. "ఉప్పు తాతా? ఆయన పేరు విలియమా?"

చేసిన ప్రతి పులుసులోనూ ఉప్పెక్కువని ముప్ఫై ఏళ్ళ కిందట ఎవరో పెట్టిన పేరు. పెట్టినవాళ్ళు పోయారు. బాప్తిస్మపు పేరు ఒకటుందన్న సంగతి ఊరు మరిచిపోయింది. ఊరి గడపలన్నీ తెలుసనుకున్న ఆమె కూడా.

ఆమె గొంతులోంచి ఏదో ఎగదన్నింది. ఏమిటో తెలిసి రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా వేళ్ళ సందుల్లోంచి వచ్చేసింది. ఆ నవ్వే. గోడ అవతలి నవ్వే. లెడింగమ్ మొహం తిప్పుకున్నాడు. నవ్వు ఆగాక ఆమె ముక్కు తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఇవ్వండి."

"ఎవరికిస్తావు? ఆయనకెవరూ లేరని ఈ జవాబులోనే ఉంది."

"ఇల్లుందిగా."

దారిలో ఆ అవతలి ఎల్స్‌పెత్ ఇల్లు వచ్చింది. ముసలిదయింది, గుమ్మంలో వల బాగుచేస్తోంది. పదహారేళ్ళలో మొదటిసారి ఎల్స్‌పెత్ ఆమె ముందు ఆగింది.

"ఉప్పు తాత పోయాడట," అంది.

"అయ్యో. ఇంట్లో ఎవరున్నారని చెబుతావు?"

"నీకు చెబుతున్నాను."

ఆమె వల పక్కన పెట్టి లేవబోయింది. "నేనూ రానా?"

"రా."

వరస చివర, రాళ్ళ మీదికి దిగేచోట ఉంది ఆ ఇల్లు. పదిహేనేళ్ళూ ఎల్స్‌పెత్ దానికి రెండిళ్ళ ఇవతలే వెనక్కి తిరిగింది. ఆ ఇంటికి ఉత్తరం రాలేదు మరి. ఊళ్ళో ఎవరింటికైనా గడియ తీసి లోపలి బల్ల మీదే ఉత్తరం పెడుతుంది. ఇక్కడ చెయ్యి గడియ మీదికి వెళ్ళి ఆగిపోయింది.

తలుపు మధ్యలో, ఊళ్ళో మరే తలుపుకూ లేనిది, ఉత్తరాలు వెయ్యడానికని కోసిన పొడుగాటి కన్నం. దాని మీద ఇత్తడి మూత. ఆరు వారాల ఉప్పుగాలికి మసకేసింది గాని, అంచుల్లో వెళ్ళేముందు తాత తోమిన పొడి ఇంకా తెల్లగా ఉంది.