నేను బాగుచేసిన ప్రోగ్రాం

నాందేడ్‌లో కంప్యూటర్ క్లాసు నడిపేవాడికి ఎంత గర్వం ఉండాలో అంతకంటే నాకు కొంచెం ఎక్కువే ఉంది. స్టేషన్ దగ్గర మేడ మీద ఒక గది, అందులో కొన్ని ముసలి కంప్యూటర్లు, తలుపు మీద నా పేరు. పిల్లలు మంగేశ్ సర్, మంగేశ్ సర్ అని పిలిచీ పిలిచీ, నేను నేర్పేది టైపింగ్ అన్న సంగతి నాకే గుర్తు లేకుండా చేశారు. మార్కెట్ ధరలను చూసి కొను, అమ్ము అని చెప్పే చిన్న ప్రోగ్రాంలు రాయడం వీడియోల్లో చూసి నేర్చుకున్నాను. షేర్లు కొనే తాహతు లేదు కాబట్టి మా బావ పసుపు మీద పడ్డాను.

బావ దిగంబర్, అక్క భాగ్యవతి ఉమ్రి దగ్గరి పల్లెలో ఉంటారు. వాళ్ల ఇల్లు రేకులది. ఈ ఏడు పసుపు అమ్మి, వానలు దిగేలోపు స్లాబ్ వేయించాలని అక్క పట్టుపట్టింది. ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు నడిమి గదిలో బస్తాలుగా పేర్చి ఉంది. ముందువైపు ఉన్నవి ఇంటి ఖర్చులకు, గోడవైపు పెద్ద వరుస స్లాబ్‌కు. వాటిని ఎప్పుడు అమ్మాలన్నదే ఇంట్లో చర్చ. అందులో వేలు పెట్టమని నన్నెవరూ పిలవలేదు.

"నా ప్రోగ్రాం చెప్తది బావా," అన్నాను. "ధర పెరుగుతుంటె ఆపు అంటది, దిగుతుంటె అమ్ము అంటది. గంతే."

బావ అక్క మొహం చూశాడు. మా ఇళ్లల్లో భార్య తమ్ముడు ఏదైనా చెబితే ఎదురుగా కాదనరు. లోపల ఏమనుకున్నా పైకి తలూపాల్సిందే.

"సరే మంగేశ్," అన్నాడు బావ మర్యాదగా. "నువ్వు చెప్పినట్లె చేద్దాం."

బావ సరుకు అమ్మిపెట్టే అడతి వెంకట్రావ్ దుకాణం మొండాలో, అంటే మా టోకు సరుకుల బజారులో ఉంది. ఆయన గోడకు ఒకదాని కింద ఒకటి కొక్కేలు కొట్టి, ధర రాసిన అట్టలు తగిలిస్తాడు. వేలం కాగానే ఇవాళ్టి ధర అన్నిటికంటే పైన ఎక్కుతుంది. మిగతావి ఒక్కో కొక్కెం కిందికి దిగుతాయి, అడుగున ఉన్న నెల కిందటి అట్ట చెత్తబుట్టలో పడుతుంది. వచ్చినవాడికి తాజా ధర ముందు కనబడాలి కదా. నేను రోజూ సాయంత్రం పోయి ఆ వరుసను పైనుంచి కిందికి ఉన్నదున్నట్టు ఎక్కించుకునేవాణ్ని.

మొదటిరోజే ప్రోగ్రాం మొరాయించింది. ఇవి అంకెలు కావు, అక్షరాలు అంది. వెంకట్రావ్ మరాఠీ అంకెల్లో రాస్తాడు, నేనూ అలాగే కొట్టాను. నా కంటికి అది ధర, దాని కంటికి వట్టి రాత. రాతకు సగటు తీయమంటే అదెక్కడ తీస్తుంది. అన్నీ మార్చి మళ్లీ నడిపితే ఇంకో తప్పు చూపించింది. ఒక్క విలువ ఉండాల్సిన చోట నువ్వు అర్రే ఇచ్చావు అంది. అర్రే అంటే వరుస. ఇవాళ్టి ధర నెల సగటు కంటే ఎక్కువా, అంటే పెరుగుతోందా అని అడగబోయి, నెల రోజుల ధరలన్నిటినీ తెచ్చి నిలబెట్టి ఎక్కువా అని అడిగాను. ఇంటికొక మనిషిని రమ్మంటే వంశం మొత్తాన్ని గుమ్మంలో దింపినట్టు.

ఇంటర్నెట్‌లో ఎవరో పుణ్యాత్ముడు, వరుసలో చివరిది ఒక్కటే తీసుకో, అదే ఇవాళ్టిది అని రాశాడు. తీసుకున్నాను. ఎర్ర గీతలన్నీ పోయాయి. ఎర్ర గీత లేకపోతే తప్పు లేనట్టే అని క్లాసులో పిల్లలకు చెప్పి, నేనూ నమ్మాను.

ప్రోగ్రాం "అమ్ము" అంటే బావ ఖర్చుల బస్తాలు కొన్ని అమ్మాడు, ఆ తర్వాత ధర పెరిగింది. "ఆపు" అంటే ఆపాడు, ధర దిగింది. ఇవన్నీ మార్కెట్లో మామూలే అని సర్దిచెప్పాను. ఆ తర్వాత మాత్రం ఎప్పుడు ఫోన్ చేసినా బావ గొంతులో సంతోషమే.

"నీ మిషన్ మస్తు పనిచేస్తున్నది మంగేశ్. దాన్ని నమ్ముకోవచ్చు."

ఆ మాట నేను క్లాసులో చెప్పాను, వెంకట్రావ్‌కు చెప్పాను, కటింగ్ షాపులో గడ్డానికి సబ్బు పూసుకుని కూడా చెప్పాను.

మే నెలాఖరున ఒక పొద్దున, ప్రోగ్రాంకు కాస్త రంగులు అద్దుదామని కూర్చున్నాను. ఇవాళ్టి ధరను తెర మీద పెద్దగా చూపించమన్నాను. చూపించింది. అది ఇవాళ్టిది కాదు, నెల కిందటిది. మొండాలో కొత్త ధర వరుసకు మొదట ఉంటుంది, ప్రోగ్రాంకు చివర ఉండాలి. అది ఇన్నాళ్లూ ఏప్రిల్‌ను ఇవాళ అనుకుని, పెరిగే ధరను దిగుతోందనీ, దిగే ధరను పెరుగుతోందనీ చెప్పింది. చెప్పిన ప్రతి మాటా తలకిందులే.

మరి బావ మస్తు పనిచేస్తోంది అన్నాడేమిటి? ఈ ప్రశ్న నాకూ వచ్చింది. వచ్చినదాన్ని కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే బాగుండేది. పాపం బావకు ఇవన్నీ అర్థం కావులే అనుకుని పంపేశాను. వరుసను తిప్పి నడిపితే ధర పెరుగుతోంది, "ఆపు" అని వచ్చింది.

ఫోన్ తీశాను. ఇన్నాళ్లూ తప్పు చెప్పిన బావా అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. తలుపు మీద నా పేరు కనబడి వెనక్కి పోయింది.

"బావా, ఆపు. ఒక్క బస్తా గూడ కదిలియ్యకు. స్లాబ్‌వి అసలే ముట్టకు."

"నిన్న అమ్ము అంటివి గద?"

"మార్కెట్ మారింది బావా."

"గంత పక్కానా?"

"నా మీద ఒట్టు."

"నువ్వు గింత గట్టిగ ఎన్నడు చెప్పలే. సరే, సరే," అని బావ గబగబా ఫోన్ పెట్టేశాడు. నా మాటకు ఎంత విలువ ఇస్తున్నాడో అని పొంగిపోయాను.

వారం తిరిగేసరికి పసుపు ధర ఎగిసింది. పేడాల డబ్బా కొనుక్కుని ఉమ్రి రైలెక్కాను. ఆకాశం నిండా మబ్బులు. వానకు ముందే స్లాబ్ పడుతుంది, అక్క కళ్లలో నేను పెద్దవాణ్నవుతాను అనుకుంటూ ఇంట్లో అడుగుపెట్టాను. నడిమి గదిలో గోడ కనబడింది. ఆ గోడను నేను సంక్రాంతి ముందెప్పుడో చూశాను.

"బస్తాలేవి అక్కా?"

"అమ్మినం గద. నువ్వు ఫోన్ చేసిననాడే."

"నేను ఆపుమన్న గదనే."

అక్క బావ వైపు చూసింది. బావ నేల వైపు చూశాడు. అక్కడ కాస్త పసుపు పొడి తప్ప ఏమీ లేదు.

"ఏమనుకోకు మంగేశ్," అన్నాడు బావ. "మొదట్ల నువ్వు చెప్పినట్లె చేసిన, దెబ్బ తాకింది. ఉల్టా చేసి చూసిన, మంచిగైంది. గప్పటిసంది నువ్వు అమ్మంటె ఆపుతున్న, ఆపంటె అమ్ముతున్న. ఒక్కపారి గూడ తప్పలే. నీకు చెప్తె మనసు చిన్నబోతదని చెప్పలే. మొన్న నువ్వు ఒట్టు పెట్టి మరీ ఆపుమంటివి. గందుకె ఉన్నయన్ని టెంపోల ఏసిన."

"దాన్ని బాగుచేసిన బావా. గా పొద్దుగాలనే."

"చెప్పకపోతివి."

మీరూ చెప్పలేదుగా అనబోయి ఆగాను. బావ చెప్పకపోవడం నా మనసు కోసం. నేను చెప్పకపోవడమూ నా మనసు కోసమే. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్క నా చేతిలోని డబ్బా తీసుకుంది. "నీ మిషన్ మంచిగ తప్పు చెప్తుండె తమ్మీ," అంది మెల్లగా. "దాన్ని బాగుచెయ్యమని నిన్ను ఎవ్వలడిగిండ్రు?"

తిట్టి ఉంటే బాగుండేది. స్లాబ్ గురించి అడిగే ధైర్యం నాకు లేదు, ఆమే చెప్పింది. వచ్చిన పైసలకు సిమెంటు వస్తే ఇనుప సలాక రాదు, ఇక వచ్చే ఏడే. చెబుతుండగానే రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. అక్క లేచి గిన్నెలు తెచ్చి, పైకి చూడకుండానే ఒక్కొక్కటీ కారే చోట పెట్టుకుంటూ పోయింది. నేనూ ఒక తపేలా పట్టుకెళ్లి పెడితే నీళ్లు దాని పక్కన పడ్డాయి.

బావ నాకు జాగా ఇచ్చి కూర్చోబెట్టుకున్నాడు. కాసేపటికి, నన్ను నొప్పించకుండా ఎలా అడగాలా అన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"మల్లేడు మంగేశ్, నీ మిషన్ చెప్పింది సీదా చెయ్యాల్నా, ఉల్టా చెయ్యాల్నా?"

"సీదా బావా. ఇగ సీదానే."

"సరే," అన్నాడు బావ మర్యాదగా.