చక్రపాణి చూడని ఊరు

మైక్రోవేవ్‌లో నిన్నటి ఉప్మా తిరుగుతుండగా చక్రపాణి వేళ్ళ మీద పదమూడు గంటలు కలిపాడు. అమెరికాలో, బెంటన్‌విల్‌లో పొద్దున్న ఏడు. అంటే చైనాలోని షియాన్‌లో రాత్రి ఎనిమిది. స్నేహితులు ఫణికుమార్, మోహన్ భోజనానికి కూర్చుని ఉంటారు. కూర్చున్నారో, దారే తప్పారో.

నలభై మూడేళ్ళ పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. కూర్చుంటే చాలు, ఎడమ మోకాలు ఊగుతూ ఉంటుంది. ఆరేళ్ళుగా అదే సింగిల్ బెడ్‌రూమ్, అదే గాలి పరుపు. వీసా సంగతి తేలాక మంచం కొందామనుకున్నాడు. పెళ్ళి కూడా ఆ జాబితాలోనే ఉండి ఉండి, ఎప్పుడో జారిపోయింది. కాంట్రాక్టరు బతుకు దినగండం నూరేళ్ళాయుష్షు మరి.

అతను వాయిదా వేయకుండా కోరుకున్నది ఒక్క షియాన్‌నే. చక్రపాణిది అమరావతి. రాజు దేశం దాటొద్దన్నా వినకుండా షియాన్ నుంచి బయల్దేరిన హ్యూయన్‌త్సాంగ్ తమ ఊరిదాకా వచ్చి వెళ్ళాడని ఆరో తరగతిలో మేష్టారు చెప్పారు. అంత దూరం నడిచొచ్చిన మనిషి ఊరు చూడకపోతే మర్యాద కాదని అతని పట్టుదల. ఆఫీసు స్నేహితులిద్దరినీ పోరి ఒప్పించాడు. హోటల్, రైలు అన్నీ తనే బుక్ చేశాడు. ముగ్గురికీ చైనా వీసాలు కూడా వచ్చాయి. అప్పుడొచ్చింది లాయర్ ఈమెయిల్. వీసా ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు పెండింగ్‌లో ఉంది, దేశం దాటవద్దు, దాటితే తిరిగి రావడం కష్టం అని. దాన్ని ప్రింట్ తీసి, మనసు మారకుండా ఫ్రిజ్ తలుపుకి మాగ్నెట్‌తో తగిలించాడు. స్నేహితులు అతను రాసిచ్చిన ప్లాన్ పట్టుకుని వెళ్ళారు.

ఆఫీసులో పొద్దున్నంతా ధరల లేబుళ్ళ ప్రోగ్రామ్ టెస్ట్ చేస్తూ నాలుగుసార్లు కాఫీకి లేచాడు. మధ్యాహ్నం రెండింటికి కన్సల్టెన్సీ వాళ్ళు ఫోన్ చేశారు. రెండు వేల తొమ్మిదిలో అలాంటి ఫోన్లు చాలామందికి వచ్చాయి. ప్రాజెక్ట్ ఆగిందట, ఈరోజే ఆఖరి రోజట, ఎక్స్‌టెన్షన్ దరఖాస్తు వెనక్కి తీసుకుంటారట. బ్యాడ్జ్ ఇచ్చేసి టాక్సీలో కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఉద్యోగం కోసం ఊరొదిలేశాడు, ఉద్యోగం ఇతన్ని వదిలేసింది. రెంటికీ చెడ్డ రేవడి.

ఇంటికొచ్చి కూర్చోలేకపోయాడు. వంటగదికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఎండ తగ్గని ఏడు గంటలకి ఫోన్ మోగింది.

"అన్నా, సౌత్ గేట్ కాడ ఉన్నం. సైకిళ్ళు యాడ ఇస్తరు?" అన్నాడు ఫణికుమార్.

"మెట్లెక్కండి. ఊరి చుట్టూ ఉన్న కోటగోడ మీదే ఇస్తారు. చుట్టూ తిరిగితే పద్నాలుగు కిలోమీటర్లు, నీళ్ళు కొనుక్కోండి."

"ఈడికొచ్చి పోయినోని లెక్క చెప్తవే."

చక్రపాణి ఫ్రిజ్ వైపు చూశాడు. తిరగడం ఆగింది.

"ఫణీ, ఆదివారం దాకా అక్కడే ఉంటారుగా?"

"నువ్వేసిన ప్లానే గదా. ఎందుకు?"

"ఆ గోడ ఎల్లుండికి ఉంచండి. నేనూ వస్తున్నా."

"మరి లాయర్ వద్దన్నడు గదా?"

"జాబ్ పోయిందిరా ఇవ్వాళ. ఎలాగూ ఇంటికి పోవాల్సిందే. షియాన్ మీదుగా పోతా."

"రా అన్నా. ఇయ్యాల కింద టీ తాగి, వేరే జాగ చూస్తం," అన్నాడు ఫణికుమార్.

రాత్రే టికెట్ కొన్నాడు. ఆరేళ్ళ సామాను రెండు సూట్‌కేసుల్లో పట్టేసింది. తెల్లవారి గాలి పరుపు గాలి తీసి, మడిచి, చెత్తబుట్ట పక్కన పెట్టాడు. తాళాలు లీజింగ్ ఆఫీసు డబ్బాలో వేసి, టాక్సీ ఎక్కాడు.

ఖాళీ ఇంట్లో ఫ్రిజ్ ఇంకా చిన్నగా మోగుతోంది. దాని తలుపు మీద, మాగ్నెట్ కింద లాయర్ కాగితం, 'దేశం దాటవద్దు' అన్న మాటల కింద చక్రపాణి తనే గీసుకున్న రెండు ఎర్రగీతలతో అలాగే ఉంది.