మోచేతి దగ్గర వదులు

ఆ చెయ్యి పొద్దుటి నుంచీ చెయ్యిస్తూనే ఉంది.

ల్యాబ్ బల్ల మీద రేకుతో చేసిన చెయ్యి అది. నాలుగు మోటార్లు, రెండు వేళ్ళు, ఒక మోచెయ్యి. స్టీలు గ్లాసు ముందు వినయంగా వంగుతుంది, గ్లాసును గట్టిగా పట్టుకుంటుంది, తీరా మోచెయ్యి మడిచి పైకెత్తగానే వేళ్ళు వదిలేస్తుంది. గ్లాసు ఖంగుమని నేల మీద పడుతుంది. పదకొండోసారి పడేసరికి పక్క బల్లల వాళ్ళు నవ్వడం కూడా మానేశారు.

చేసినవాళ్ళు ముగ్గురు. నిలువెత్తు మనిషి స్కేలు, మోటార్లు వాడివి. ఊరికే ఎగిరిపడే ఫ్యూజు, ప్రోగ్రాం వాడిది. మూడోది దర్జీ. అమ్మ బట్టలు కుడుతుందని ఆ పిల్లకు వీళ్ళు తగిలించిన పేరది. చేతిరాత బాగుందని రిపోర్టు రాతకు కూర్చోబెట్టారు. "చెయ్యి చేసేది మేము, చేత్తో రాసేది నువ్వు" అని పనులు పంచింది ఫ్యూజే. ఇప్పుడు మోటారు మార్చి ఒకడు, ప్రోగ్రాం మార్చి ఇంకొకడు, ఇద్దరూ చేతులెత్తేశారు. ఎత్తాల్సిన చెయ్యి మాత్రం ఎత్తడం లేదు.

పదిన్నరకు ల్యాబ్ సార్ వచ్చారు. "పదకొండుకు పరీక్షకు బయటి మేడం వస్తారు. గ్లాసు పడిందంటే మీరు మళ్ళీ ఏడాది చదవాలి, నా పరువు ఆవిడ ముందు పోతుంది. బీరువాలో కొన్న చెయ్యొకటి ఉంది. అది పెట్టేసుకోండి."

స్కేలు, ఫ్యూజు బీరువా వైపు చూశారు.

"వద్దు సార్," అంది దర్జీ. "అది కొన్న చెయ్యి. మాది చేసిన చెయ్యి."

"చేసిందేమిటమ్మా, గ్లాసుకు సొట్టలు తప్ప?"

"అరగంట ఉందిగా సార్."

ఆయన తల పంకించి వెళ్ళిపోయారు. ఫ్యూజు ఎగిరాడు. "నీ పౌరుషానికి మా ఏడాది బలిపెడతావేంటి తల్లీ?"

దర్జీ వినిపించుకోలేదు. కరెంటు తీసేసి, వేళ్ళ మోటారుకు వెళ్ళే తీగలను వేలితో తడిమింది. మోచేతి బయటి అంచు మీదుగా, తంబూరా తీగల్లా బిగించి కట్టి ఉన్నాయి. నీటుగా కడితే పది మార్కులని సార్ చెప్పారు మరి.

"వీటిని కొలిచినప్పుడు చెయ్యి చాపి ఉందా, మడిచి ఉందా?"

"చాపే. చేతిని ఎవరైనా చాపే కొలుస్తారు," అన్నాడు స్కేలు.

"మా అమ్మ కొలవదు. చొక్కా చెయ్యి కొలవాలంటే ముందు మోచెయ్యి మడవమంటుంది. చాపి కొలిస్తే మడిచినప్పుడు పీక్కుపోతుందంటుంది."

తీగ తెగకుండా ఉంటే కూసే మీటరు తెచ్చి, దాని ముల్లు ఒకటి తీగ ఆ కొసకు, ఇంకొకటి ఈ కొసకు ఆనించింది. చెయ్యి చాపి ఉంటే మీటరు కూసింది. మోచెయ్యి మడిచింది. కూత ఆగింది. చాపితే కూత, మడిస్తే మౌనవ్రతం. పైతొడుగు నిక్షేపంలా ఉంది, లోపల రాగి తెగింది.

ఫ్యూజు కత్తెర అందించాడు. దర్జీ పాతవి కోసేసి, పొడుగు తీగలు వేసి, మోచేతి దగ్గర గుప్పెడంత వదులు చుట్ట వదిలింది.

పదకొండుకు మేడంతో పాటే వచ్చిన సార్ కళ్ళు ఆ చుట్ట మీదే పడ్డాయి. "ఇదేంటి, పేగుల్లా వేలాడుతున్నాయి? బిగించు."

"బిగించను సార్."

"నీటు మార్కులు పది నా చేతిలో ఉన్నాయి."

"మీ చేతిలోనే ఉంచుకోండి సార్."

దర్జీ గ్లాసులో అంచు దాకా నీళ్ళు పోసి, మీట నొక్కింది. చెయ్యి వంగింది, పట్టుకుంది, మోచెయ్యి మడిచింది. వదులు చుట్ట మెల్లగా విచ్చుకుని దారిచ్చింది. గ్లాసు పైకి లేచి, సార్ గడ్డానికి ఎదురుగా ఆగింది.

"అందుకోండి సార్, దానికి చెయ్యి నొప్పెడుతుంది," అంది దర్జీ.

అందుకోక తప్పలేదు. తీసుకుని మోచెయ్యి మడిచేసరికి ఆయన చొక్కా కఫ్ ముంజేతి సగందాకా పీక్కుపోయింది. మేడం అది చూసింది, తీగల చుట్టను చూసింది, నవ్వు బిగబట్టి కాగితం మీద ఏదో రాసుకుంది.

సార్ తన కాగితం మీద నీటు గడిలో సున్నా చుట్టారు, అందరికీ కనిపించేలా.

"పది పోయాయే," అన్నాడు ఫ్యూజు చిన్నగా.

"పోనీ," అంది దర్జీ, "గ్లాసు పోలేదుగా. ఇంకోసారి ఎత్తించు."