చలికాలపు తూకం

పిల్లల వార్డులో మందుల బండికి ఒక చక్రం సరిగా తిరగదు. తోసినప్పుడల్లా ఎడమవైపుకు లాగుతుంది. లుసుంగు దాన్ని మోకాలితో అదిమి దారిలో పెట్టుకుంటూ మొదటి మంచం దగ్గరికి తెచ్చేసరికి వెనకనుంచి, పరీక్ష పెట్టడానికి వచ్చిన కపలాముల మేడం గొంతు వినిపించింది.

"బండి తోలడం పరీక్షలో లేదులే అమ్మాయ్. మందు సంగతి చూడు."

లుసుంగు నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. నర్సింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చివర ఈ ఒక్క పరీక్షే మిగిలింది. నలుగురు పిల్లలకు, గంటలోపల, మోతాదు పైకి లెక్కకట్టి చెబుతూ మందు ఇవ్వాలి. మార్చిలో ఒకసారి తప్పింది. లెక్క తప్పి కాదు. వేసిన లెక్కే మళ్లీ మళ్లీ వేసుకుంటూ కూర్చునేసరికి నాలుగో బిడ్డ మందుకు వేళ దాటిపోయింది. "నువ్వు జాగ్రత్త పడుతూ కూర్చుంటే ఆ బిడ్డ జ్వరం కూర్చుంటుందా?" అని ఆ రోజు మేడం అడిగింది. ఈసారి కూడా తప్పితే జూనియర్లతో కలిసి మరో ఆరు నెలలు. తన జట్టు పిల్లలంతా తెల్ల యూనిఫారాలు కుట్టించుకుని ఉద్యోగాలకు వెళ్తుంటే, తను ఈ నీలంగళ్ల గౌనులోనే లిలాంగ్వే నగరంలోని కాలేజీ హాస్టల్లో ఉండిపోవాలి.

మొదటి బిడ్డకు పెన్సిలిన్ చకచకా అయిపోయింది. మేడం చేతిగడియారం చూసుకుని తల ఊపింది. ఆ తల ఊపుతో లుసుంగుకు కాస్త ఊపిరాడింది.

రెండో మంచం మీద ఉన్నది లొంజేజో, నెలన్నర పిల్లాడు, న్యుమోనియా. రాత్రే చేర్చారు. తల్లికి కూడా జ్వరమని ఆమెను ఆడవాళ్ల వార్డులో ఉంచడంతో, వాడి అవ్వ బిడ్డను చూసుకుంటోంది. ఈ దేశంలో జూన్ అంటే నడి చలికాలం, పైగా కొండల మీద ఊరు. కిటికీలో ఒక అద్దం పోయి అట్టముక్క పెట్టారు. ఆ సందులోంచి గాలి కత్తిలా వస్తోంది. బిడ్డకు ఊలు టోపీ, ఊలు చొక్కా, వాటి మీద ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే చితెంజే బట్టలు రెండు, ఆ పైన దుప్పటి. బయటికి కనిపించేది ముక్కొక్కటే.

లుసుంగు చార్టు చదివింది. "బరువు మూడు కిలోల ఆరు వందలు. జెంటామైసిన్, రోజుకు ఒకసారి, కిలోకు ఏడున్నర మిల్లీగ్రాములు. మొత్తం ఇరవయ్యేడు. ఆంప్యూల్‌లో రెండు మిల్లీలీటర్లకు ఎనభై, అంటే ఒక మిల్లీలీటరుకు నలభై. ఇరవయ్యేడును నలభైతో భాగిస్తే సున్నా పాయింట్ ఆరు ఏడు."

"సరే. ఇవ్వు."

చేతికి కట్టిన సూది సరిగా ఉందో లేదో చూద్దామని లుసుంగు దుప్పటి సందులోంచి బిడ్డ చెయ్యి బయటికి తీసింది. అక్కడే ఆగిపోయింది. ఎండిన చిక్కుడుకాయంత చెయ్యి. ఇంట్లో తన తర్వాత నలుగురిని వీపున కట్టుకుని మోసిన పిల్ల ఆమె. మూడున్నర కిలోల బిడ్డ చెయ్యి ఎలా ఉంటుందో కాలేజీలో చేరకముందే తెలుసు.

"అవ్వా, వీణ్ణి రాత్రి ఎలా తూచారు?"

కింద చాప మీద కూర్చున్న అవ్వ తల ఎత్తింది. "ఎలా తూస్తారు, తక్కెడకు కట్టి తూచారు. చార్టు రాసే గది దగ్గర."

"ఈ బట్టలతోనేనా?"

"మరి విప్పుతారా అర్ధరాత్రి ఈ చలికి? నీకు పిల్లలున్నారా తల్లీ?"

"లేరు."

"అదే చెబుతున్నా."

లుసుంగు సిరంజి కిందపెట్టింది. మేడం కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమైంది?"

"బరువు తప్పు మేడం. మళ్లీ తూచాలి."

"నేను పరీక్షిస్తున్నది నీ లెక్క. లెక్క సరిగా చెప్పావు. డాక్టరు రాసింది ఇరవయ్యేడు. బరువు మీద అనుమానం ఉంటే రౌండు అయ్యాక సిస్టర్‌తో చెప్పు. ఇప్పుడు ఇచ్చి ముందుకు పద. మార్చిలో జరిగింది మర్చిపోయావా?"

మర్చిపోలేదు. నిన్నంతా అదే మంత్రంలా చెప్పుకుంది, ఎక్కడా ఆగకూడదు, ఎక్కడా ఆగకూడదని. తీరా చూస్తే ఆగాల్సిన చోటే ఎదురొచ్చి కూర్చుంది. పక్కకు తప్పుకుని పోదామంటే కాళ్లు రావడం లేదు. ఈ మందు ఎక్కువైతే చెవులు పోతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ పాఠం చెప్పింది కూడా ఈ మేడమే.

"ఇచ్చాక చెప్పి ఏం లాభం మేడం?" అంది. గొంతు తను అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది.

మేడం గడియారం చూసుకుంది.

వార్డు సిస్టర్ తియామికే కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని కప్పులో మొక్కజొన్న గంజి తాగుతోంది. తక్కెడ అడిగితే కప్పు దించకుండానే చూసింది.

"జూన్‌లో పిల్లల్ని విప్పి తూచమంటావా? వాళ్ల అవ్వలు నన్ను బతకనిస్తారా?"

"మరి బట్టల బరువు, సిస్టర్?"

"అది మాకు తెలీదా ఏమిటి? తీసేస్తాంగా."

"ఎంత తీస్తారు?"

"కొంచెం."

"రాత్రి ఎవరు తీశారు? చార్టులో మూడున్నర పైనే ఉంది."

సిస్టర్ కప్పు దించింది. "రాత్రి నర్సు తూచింది తూచినట్టు రాస్తుంది. డాక్టరుగారు మందు రాసేటప్పుడు చూసుకుని తీసేస్తారు. చలికాలంలో ఇక్కడ పద్ధతి అది."

"మందు సరిగ్గా మూడు కిలోల ఆరు వందలకే రాశారు సిస్టర్. ఏమీ తియ్యలేదు."

సిస్టర్ కప్పు పక్కకు జరిపింది. తర్వాత, "తక్కెడ ఆ తలుపు వెనక ఉంది. అవ్వతో నువ్వే పడు," అంది.

అవ్వతో పడటం అంత తేలిక కాలేదు. బిడ్డను ఒళ్లోకి లాక్కుని దుప్పటి చుట్టూ చేతులు బిగించుకుంది. "ఊపిరాడని పిల్లాణ్ణి గుడ్డల్లేకుండా వేలాడదీస్తావా? మీ కాలేజీలో ఇదే నేర్పారా?" పక్క మంచం దగ్గర ఒకావిడ కల్పించుకుని, "వాళ్లు మన పిల్లల మీదే కదమ్మా నేర్చుకునేది," అంది. వార్డంతా ఇటే చూస్తోంది. లుసుంగుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుఃఖంతో కాదు, ఒళ్లు మండి. గంట కరిగిపోతోంది. ఇటు చూస్తే ఈవిడ, అటు చూస్తే మేడం గడియారం. ఎవరికోసం ఇదంతా చేస్తోందో వాళ్లే అడ్డం.

చాప మీద కూలబడింది. "అవ్వా, వీడి బట్టలు మందు తాగవు కదా. బట్టలక్కూడా మందు లెక్కగట్టి రాశారు. అదంతా వీడొక్కడి ఒంట్లోకి పోతుంది. నా శాలువా వేడిగా ఉంది చూడు. తూచిన మరుక్షణం ఇందులో చుట్టేద్దాం."

అవ్వ శాలువా పట్టుకు చూసింది. వేళ్లతో నలిపి చూసింది. "దారం మంచిదే," అని, దుప్పటి తనే విప్పడం మొదలుపెట్టింది.

రెండో చితెంజే విప్పగానే బిడ్డ కాళ్ల దగ్గరనుంచి ఏదో జారి చాప మీద దొర్లింది. కూల్‌డ్రింకు సీసా. నిండా నీళ్లు, పైన పాతగుడ్డ చుట్టి ఉంది.

"వేణ్ణీళ్లు," అంది అవ్వ, ఇందులో అడగాల్సింది ఏముందన్నట్టు. "మా ఊళ్లో చలికాలం పిల్లలకందరికీ పెడతాం. ఇప్పుడు చల్లారాయి, మళ్లీ పోయించుకురావాలి."

"రాత్రి తూచినప్పుడూ ఉందా ఇది?"

"వేడిగా ఉంది అప్పుడు."

ఎక్కడో ఒకావిడ నవ్వింది. సిస్టర్ తియామికే బల్ల దగ్గరనుంచి లేచి వచ్చి సీసా చేతిలోకి తీసుకుంది. "కాళ్లు కాలితే ఏం చేస్తావు అవ్వా?" అని అడిగింది కానీ, ఆ గొంతులో ఇందాకటి ధీమా లేదు.

తక్కెడ ముల్లు రెండు కిలోల ఎనిమిది వందల దగ్గర నిలిచింది. పిల్లాడు కెవ్వుమన్నాడు. లుసుంగు వాణ్ణి శాలువాలో చుట్టి అవ్వ ఒళ్లో పెట్టింది. కిలోకు ఏడున్నర చొప్పున ఇరవైయొక్క మిల్లీగ్రాములు. లెక్క వచ్చేసింది. కానీ ఇవ్వడానికి లేదు. రాసిన మోతాదు మార్చే అధికారం విద్యార్థికి లేదు, సిస్టర్‌కూ లేదు. రాసినాయనే రావాలి.

రాసినాయన జైలోసి. డాక్టరు చదువు చదవలేదు, క్లినికల్ ఆఫీసరు. అయినా ఊరందరికీ ఆయనే డాక్టరు. ఆయన కాన్పుల గదిలో ఉన్నాడు. కబురు పంపారు. ఆయన వచ్చేలోగా లుసుంగు మూడో బిడ్డ దగ్గరికి వెళ్లింది. ఐదేళ్ల పిల్ల, నేలమీది తక్కెడ మీద నిలబెట్టి తూచారు కాబట్టి అనుమానం లేదు. మందు ఇచ్చింది. నాలుగో మంచం దగ్గరికి వచ్చి చూస్తే మళ్లీ నెలల బిడ్డ, మళ్లీ దుప్పటి మూట. తల్లి లేదు. వంటల పాక దగ్గర మొక్కజొన్న పిండితో న్సిమా ముద్ద కలుపుతోందన్నారు. తల్లి లేకుండా బిడ్డను విప్పడానికి లేదు. ఎవరో పిలవడానికి వెళ్లారు. లుసుంగు మంచం ఇనుపకమ్మీ పట్టుకుని నిలబడింది. గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

జైలోసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. విషయం విని చార్టు చూసి, సిస్టర్ వంక చూశాడు.

"బట్టల బరువు తీసేసి రాశారనుకున్నానే."

"మీరు తీస్తారనుకుంటున్నాం సార్ మేము."

"ఎప్పట్నుంచి?"

సిస్టర్ పెన్ను తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన ఇరవయ్యేడు కొట్టేసి ఇరవైయొకటి రాసి సంతకం పెట్టాడు. లుసుంగు సన్న సిరంజి తీసుకుని సగం దాటి రెండు గీతల దాకా మందు లాగి, మేడంకు చూపించి, పేరు అడిగి, ఇచ్చింది. ఇస్తుండగానే అవ్వ, "ఇంతేనా?" అంది. "రాత్రి పక్క పిల్లాడికి సిరంజి నిండా ఇచ్చారు. బక్కవాడని మావాడికి తగ్గించారా?"

"వీడికి సరిపడా ఇంతే అవ్వా."

"మిగిలింది ఎవరికిస్తావు?"

లుసుంగు ఆంప్యూల్ తీసి అవ్వ కళ్లముందే డబ్బాలో పడేసింది. నోరు తెరిస్తే ఏమంటుందో తనకే భయంగా ఉంది.

అప్పుడే మేడం, "టైం అయిపోయింది," అంది. నాలుగో బిడ్డ తల్లి ఇంకా రాలేదు.

వరండాలో మేడం ఫైలు మూసి చంకలో పెట్టుకుంది. మోతాదులకు పూర్తి మార్కులు. వేళకు లేవు. రెండింట్లోనూ వస్తేనే పాసు.

"మేడం, ఒక మాట అడగనా? మూడు కిలోల ఆరు వందలకే ఇచ్చేసి ఉంటే?"

మేడం తోటలోకి చూసింది. "పాసయ్యేదానివి."

"మీరు మార్కులు వేసేవారా?"

"వేసేదాన్ని. నాకు తెలిసేది కాదు కదా." చంకలో ఫైలు సర్దుకుని, "ఆ గంట నియమం పెట్టినప్పుడు నేనూ కమిటీలో ఉన్నాను. పిల్లలు మందుకోసం ఎదురుచూడకూడదనే పెట్టాం. అదీ తప్పు కాదు. కాలేజీలో మాట్లాడతాను. మారుస్తారని మాత్రం నీకు చెప్పను," అంది.

"మాట్లాడితే ఈ పరీక్షకు వర్తిస్తుందా?"

"లేదు."

కనీసం మొహమాటానికైనా "చూద్దాం" అని ఉంటే బాగుండేది. ఈ మనిషికి అది కూడా రాదు. లుసుంగు "సరే మేడం," అని ఊరుకుంది. సరే అనేదేమీ లేదు అందులో.

లోపలికి వచ్చి బ్యాగు తీసుకుంటుంటే సిస్టర్ తియామికే తక్కెడ చేత్తో పట్టుకుని ఎదురొచ్చింది. "పాసయ్యావా?"

"లేదు."

సిస్టర్ ముఖం ఒక్క క్షణం ఎటో తిప్పుకుంది. "దుప్పట్లలో ఉన్నవాళ్లందర్నీ మళ్లీ తూచమన్నారు డాక్టరుగారు. నాకు చేతులు రెండే. నువ్వు హాస్టల్ బండి వచ్చేదాకా ఉంటావుగా?"

ఉండనని చెప్పాలనుకుంది. పాసైనవాళ్లను పిలుచుకోండి అందామనుకుంది. నాలుకదాకా వచ్చింది కూడా. ఇంతలో నాలుగో బిడ్డ తల్లి చేతికంటిన పిండి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి, "నా పిల్లను విప్పుతానన్నది ఎవరు?" అంది.

"నేనే," అంది లుసుంగు. బ్యాగు కిందపెట్టింది. "కాళ్ల దగ్గర సీసా ఏమైనా పెట్టావా అక్కా?"

"సీసా ఎందుకు పెడతాను?" అంది ఆమె విసురుగా. "ఇటుక పెట్టాను. నిప్పుల మీద వెచ్చజేసి."