మూడోసారి తెచ్చిన స్టవ్వు

ఉచ్చీరప్ప ఇండక్షన్ స్టవ్వు సంచిలో పెట్టుకుని మూడోసారి నా షాపు మెట్లెక్కినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు ఒళ్లు మండింది. ఎమ్మిగనూరు ఎండలో పొద్దున్నుంచి మిక్సీలు, ఫ్యాన్లు విప్పి విప్పి నడుము పడిపోయి ఉంది.

రెండుసార్లూ ఒకటే మాట చెప్పాడు. గిన్నె పెడితే కుయ్ కుయ్‌మని కూసి ఆగిపోతుందట. రెండుసార్లూ నా షాపులో ఉన్న స్టీలు గిన్నె పెట్టి నీళ్లు కాచి చూపించాను. సిల్వరు గిన్నెలు పెడుతున్నావేమో, వాటిని ఇది పట్టుకోదన్నాను. కాదు, కొత్త స్టీలు గిన్నే కొన్నామన్నాడు. అయితే మీ ఇంట్లో కరెంటే సరిగా లేదని విసుక్కుని పంపించేశాను.

ఆయన భార్య బసమ్మకు ఆయాసం. కట్టెల పొగ తగిలితే ప్రాణానికే ముప్పని ఆదోనిలో డాక్టరు చెప్పాడు. గ్యాసంటే ఆమెకు భయం. అందుకే ఈ స్టవ్వు కొన్నారు.

ఈసారి ఆమె కూడా వచ్చింది. మూడు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగింది. గిన్నె ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఆమెకు మజ్జిగ తెస్తానని ఉచ్చీరప్ప బజారులోకి పోయాడు.

గిన్నె అందుకుని తిరగేశాను. అడుగంతా వేలి మందాన ఎర్రమట్టి. కట్టెల పొయ్యి మీద పెట్టేముందు మసి అంటకుండా మా అమ్మ కూడా ఇలాగే పూసేది.

"నేనే పూసినా నాయనా, కొన్న పొద్దే. కొత్త గిన్నె, నల్లగైతే తోమేకి శక్తి ల్యా," అంది.

మట్టి గీకి, తుడిచి, నీళ్లు పోసి స్టవ్వు మీద పెట్టాను. కూయలేదు. కాసేపటికి నీళ్లు మరిగాయి. ఇంత మట్టి అడ్డముంటే పైన గిన్నె ఉన్నట్టే దీనికి తెలియదమ్మా అన్నాను. మరి ఇన్నాళ్లూ వంట ఎలా చేశావని అడిగాను. కట్టెల పొయ్యి మీదేనట. నెల రోజులుగా.

మొగుడు వస్తున్నాడేమోనని ఆమె బజారు వైపు తొంగి చూసింది.

"ఆయప్పకు సెప్పొద్దు నాయనా. నేను పొగలో కూసుండేది సూసి నెలంతా ఏడ్సినాడు. నా సేతులారా సేసుకుంటినని తెలిస్తే తట్టుకోల్యాడు."

ఉచ్చీరప్ప మజ్జిగతో వచ్చి, మరిగే నీళ్లు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తప్పు యాడుండాదప్పా అని అడిగాడు.

"నాదే అన్నా. మొదటిసారే మీ గిన్నె తెచ్చి సూపియ్యమని అడగల్యా."

ఆమె కోసం అబద్ధమాడాల్సిన పని పడలేదు. పోనీలే అప్పా, ఇప్పుడు బాగైంది కదా అని ఆయన నవ్వి, స్టవ్వు సంచిలో సర్దుకున్నాడు. నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.