కొడవలికి పేరు పెట్టిన రాజు

ఆ యేడు ఊరు ఊరంతా సుగ్గికి పోయింది. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోవడాన్ని మా పత్తికొండ పక్క సుగ్గి అంటారు. ట్రాక్టరు మీదనుంచి పడి కాలు విరిగిన నేనూ, పక్కింటి విశ్వాసమ్మవ్వా మిగిలాం. కోళ్లను కూడా గంపల్లో పెట్టుకుని పోయారు. ఊరు ఎంత నిశ్శబ్దమైందంటే, కట్టు కింద నాకు దురద పుట్టే చప్పుడు కూడా వినపడేది.

మిరపకాయలు చేత్తో తెంపేవే కాబట్టి పోయేవాళ్లంతా కొడవళ్లను అవ్వకు అప్పజెప్పారు, తుప్పు పట్టకుండా చూడమని. ఆమె అరుగు మీద కూర్చుని వాటికి ఆముదం రాసేది. నేను కుంటుకుంటూ పోయి పక్కన కూలబడేవాణ్ణి. ఒకరోజు ఊరికే అడిగింది, దీనికి కొడవలి అని పేరెట్లా వచ్చిందని.

నాకు తెలిసింది ఒక్క ముక్క. వాలు అంటే పాత మాటల్లో కత్తి అనీ, వంకర కత్తే కొడవలి అనీ బడిలో అయ్యవారు చెప్పాడు. అది చెప్పేస్తే అవ్వ లేచి లోపలికి పోతుంది. అందుకని ఒక రాజును పుట్టించాను. ఆయన కత్తి పిడి డోన్‌లో ఉంటే మొన ఆదోనిలో ఉండేది. ఒరలోంచి దూయాలంటే రైలెక్కి పోవాలి. ఆ కత్తి వంగబోయే సమయానికి రోజూ రాజుకు జ్వరమొచ్చేది, లేదా పెండ్లి కుదిరేది. వంగితే కథ అయిపోతుంది మరి.

ఇంతలో లారీ డ్రైవరు రంగన్న కబురు తెచ్చాడు. పిలకాయలను చూసుకోను అవ్వను కొడుకు శాంతయ్య సుగ్గికాడికి రమ్మన్నాడట, మర్నాడే పోవాలట. ఆ సాయంత్రం రాజుకు ఏడుగురు తమ్ముళ్లను తగిలించాను. అవ్వ మూట కట్టుకుంటూనే విన్నది. పెద్దతమ్ముడి పెండ్లి అయ్యేసరికి మూట కట్టడమూ అయిపోయింది.

పొద్దున లారీ ఎక్కబోతున్న ఆమెకు కర్ర అడ్డం పెట్టాను.

"అవ్వా, ఇంగా ఆరుమంది తమ్ముళ్లు ఉండారు. ఇనకుండా యాడికి పోతాండావు?"

"తమ్ముళ్లు సాలు గానీ, కత్తి వంగిందా లేదా చెప్పప్పా."

"వంగింది. వంకర కత్తి, అంతే. అయ్యవారు చెప్పింది గూడా అంతే."

అవ్వ నవ్వలేదు. కొంగుతో నా ముఖం మీది దుమ్ము తుడిచింది.

"అబద్ధమని మొదటినాడే తెల్సు నాయనా. ఒంటిగా ఉండావని ఇంటాంటి."

లారీ పోయింది. అరుగు మీద కూర్చుని రెండో తమ్ముడి పెండ్లి గట్టిగానే మొదలుపెట్టాను. పక్కన ఎవరూ లేకపోయేసరికి అది ముహూర్తం దగ్గరే ఆగిపోయింది.