గురక ఆగినప్పుడల్లా

నందివెలుగు దగ్గర కునుకు పట్టి, మా ఆయన బస్సును కాలవగట్టు మీదికి ఎక్కించాడు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఓనరు చలపతిరావు గారు మాత్రం ఒక్కటే మాట అన్నారు. "నిద్రజబ్బు లేదని డాక్టరు చెప్తేనే స్టీరింగు ముట్టుకో రత్నం."

స్టీరింగు లేకపోతే మా ఆయనకి చేతులు లేనట్టే. రేపల్లె నుంచి హైదరాబాదుకి రాత్రి బస్సు తోలి, పగలు పడుకునే మనిషి. అందుకే తెనాలి ఆసుపత్రిలో పరీక్ష కూడా పగలే పెట్టారు. ఛాతీకి పట్టీ, ముక్కు దగ్గర గొట్టం, వేలికి క్లిప్పు. ఊపిరి, గుండె, ఒళ్ళు కదలడం, అన్నీ పక్కగదిలో మిషన్లో పడతాయట. నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగుతుంటే నిద్ర చాలక బండి మీద కునుకు పడుతుందట. తోడుగా నన్ను పక్క మంచం మీద ఉండమన్నారు. ఆయన గురక మొదలెట్టగానే నాకూ కన్నంటుకుంది.

లేచేసరికి డాక్టరు గారు నవ్వుతున్నారు. "గురక ఉందిగానీ ఊపిరి పెద్దగా ఆగట్లేదమ్మా. భయం లేదు." మా ఆయన అప్పుడే వరండాలోకి పోయి ఓనరుకి ఫోను కలిపాడు. "రేపు నేనే ఎక్కుతానండి" అంటున్నాడు. ఆ మొహంలో కళ చూసి ఎన్నాళ్ళయిందో.

మా గదిలోనే కాపలా ఉన్న ఆయా శివపార్వతి దుప్పట్లు మడుస్తూ నన్ను ఆటపట్టించింది. "నిద్రలో కూడా మొగుణ్ణి వదలవా అక్కా? ఆయన గురక ఆగితే చాలు, కళ్ళు మూసుకునే 'ఇదిగో' అంటావు. ఆయన 'ఊఁ' అని పక్కకి తిరిగి మళ్ళీ గురక పెడతాడు. ఎన్నిసార్లో."

నవ్వబోయిన దాన్ని ఆగిపోయాను. మొగుణ్ణి పేరుపెట్టి పిలవని మా ఇళ్ళల్లో ఆ మాటే ఆయనకి పేరు. పెళ్ళయిన కొత్తలో గురక ఠక్కున ఆగితే భయమేసి అలా పిలిచేదాన్ని. అది నిద్రలో కూడా నోటికి అలవాటైపోయిందన్నమాట. ఊపిరి ఆగకపోవడం కాదు, నేను ఆగనివ్వలేదు. హైదరాబాదులో పగలు ఆయన ఒక్కడే పడుకుంటాడు. కాలవగట్టు ఎక్కింది అక్కణ్ణుంచి తిరిగొచ్చిన బస్సే.

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆయన వెనక సీట్లలో పిల్లాజెల్లా నిద్రపోతుంటారు. డాక్టరు గదిలోకి వెళ్ళి చెప్పేశాను.

గుమ్మంలో నిలబడి మా ఆయన అంతా విన్నాడు. "నోటికాడ కూడు లాగేశావు గదే రూతూ" అన్నాడు. తిట్టినా బాగుండేది.

డాక్టరు గారు ఆలోచించి, "రేపు మళ్ళీ చేద్దాం. మీరు బయటుండండమ్మా" అన్నారు.

మర్నాడు బెంచీ మీద కూర్చున్నాను. తలుపు వెనక గురక మొదలైంది. కాసేపటికి ఠక్కున ఆగింది. మాట గొంతుదాకా వచ్చింది. చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఊపిరి ఆగిన సంగతి మిషన్లో పడాలని, ఆ ఊపిరి వెంటనే తిరిగి రావాలని, రెండూ ఒకే ప్రార్థనలో ప్రభువుని అడిగాను.

లోపల గురక ఇంకా మొదలవలేదు.